పాత సామాను తీసేస్తే డబ్బులెవరివ్వాలి? ఒక కుర్ర వ్యాపారి కేస్ స్టడీ

చిన్న వ్యాపారాలకు లెక్కలు చూసి పెట్టడం, బ్యాంకుకి ప్రాజెక్ట్ రిపోర్టులు రాసివ్వడం నా పని. ఈమధ్య పాత సామాను తీసేసే వ్యాపారం పెడతామంటూ వచ్చే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. దాదాపు అందరూ ఒకే లెక్క వేసుకుని వస్తున్నారు: జనం పారేసేది ఊరికే వస్తుంది, అమ్మితే వచ్చిందంతా లాభమే. ఆ లెక్క ఎక్కడ తిరగబడుతుందో ఈ కేసులో బాగా కనబడింది కాబట్టి రాస్తున్నాను. మనిషి పేరు, ఏరియా రాయడం లేదు. డబ్బు అంకెలు గుండ్రం చేశాను, నిష్పత్తులు మాత్రం చెడగొట్టలేదు.

నేపథ్యం

హైదరాబాద్ కుర్రాడు. బీకాం అయ్యాక ఇళ్లు మార్పించే ప్యాకర్స్ కంపెనీలో కొంతకాలం సూపర్‌వైజర్‌గా చేశాడు. తండ్రికి సొంత టాటా ఏస్ ఉంది, ఎల్లో బోర్డు. టెంట్ హౌస్ సామాను తోలేవాడు, మోకాళ్లు పట్టేసి మానేశాడు. బండి ఇంటి ముందు ఖాళీగా ఉండేది.

ఐడియా ఉద్యోగంలోనే పుట్టింది. ఇల్లు మారేవాళ్ల సామానంతా లారీ ఎక్కాక హాల్లో ఒక మూల కొన్ని వస్తువులు మిగిలిపోతాయి. కుంగిన సోఫా, కొబ్బరిపీచు పరుపు, తలుపు ఊడిన ప్లైవుడ్ అల్మరా, ఎప్పుడో ఆగిపోయిన డబ్బా టీవీ. "వీటిని కూడా తీసుకుపో బాబూ, ఎక్కడన్నా పడెయ్" అంటారు. కంపెనీ ఒప్పుకోదు. వాచ్‌మన్‌ని పిలిస్తే అల్మరా ఉంచుకుంటాడేమో గానీ పరుపు వద్దంటాడు. ఖాళీ చేసే రోజు సాయంత్రం ఓనరు తాళం కోసం గుమ్మంలో నిలబడి ఉంటే, ఇల్లాలు ఆ పరుపును చూస్తూ పడే టెన్షన్ ఇతను చాలాసార్లు చూశాడు. అక్కడ గిరాకీ ఉందనుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ తర్వాత ఇంటర్నెట్లో ఒక కథ చదివాడు. బ్రయాన్ స్కుడమోర్ అనే కుర్రాడు 1989లో కెనడాలోని వాంకూవర్‌లో 700 డాలర్లు పెట్టి పాత పికప్ ట్రక్కు కొని చెత్త తీసే పని మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి 1-800-గాట్-జంక్ అనే కంపెనీ అయింది. వాళ్లు ట్రక్కులో సామాను ఎంత జాగా పడితే అంత చార్జి చేస్తారు. మన కుర్రాడు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నది ఇదే: పావు బండి, సగం బండి, నిండు బండి, పక్కన రేట్లు.

కథ నిజమే. కానీ అక్కడ చెత్త దించే చోట డబ్బు కట్టాలి, కూలి ఖరీదు, గుమ్మం ముందుకొచ్చి పాత పేపర్లు తూచి డబ్బులిచ్చే మనిషి లేడు. మన వీధుల్లో తరాలుగా జరిగింది దానికి పూర్తిగా ఎదురు. పాత ఇనుముకి ఉల్లిగడ్డలు, పాత చీరలకి స్టీలు గిన్నెలు. పాత వస్తువు గడప దాటుతోందంటే ఎంతో కొంత చేతికి రావాలనేది మన ఇళ్లలో పాతుకుపోయిన లెక్క. కేసంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

అతను వచ్చింది వ్యాపారం పెట్టిన కొన్ని నెలలకి, చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్రా లోన్ కోసం. కిశోర్ కేటగిరీ, అంటే 50 వేల పైన 5 లక్షల దాకా. రెండో బండి కొనాలి, ఒక యాప్ చేయించాలి. "పని బోలెడుంది సార్, బండే సరిపోవట్లేదు" అన్నాడు. పని బోలెడున్న మనిషి డీజిల్ ఎందుకు అరువు పెడుతున్నాడని అడిగితే, జవాబు చెప్పలేకపోయాడు.

అప్పటికి అతను నడుపుతున్న పద్ధతి వాంకూవర్‌ది కాదు. మొదట్లో ఫోన్ చేసినవాళ్లకి రేటు చెబితే టక్కున పెట్టేశారట. దాంతో "ఉచితంగా తీసుకెళ్తాం" అని పాంప్లెట్ వేశాడు. ఫోన్లు మోగిపోయాయి. రాబడి అంతా తెచ్చిన సామాను అమ్మితే వచ్చేదే.

అతని దగ్గర నెలవారీ జమాఖర్చు ఉంది. నాకది పనికిరాలేదు. నెల మొత్తంలో ఒక మంచి ఫ్రిజ్ లోడు, నాలుగు దండగ సోఫా లోడ్లు కలిసిపోతాయి, ఏది ముంచుతోందో తెలియదు. అందుకని ఒక్కో లోడుకి ఒక్కో పేజీ రాయమన్నాను. ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, ఎంతమంది మోశారు, ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి తిరిగొచ్చారు, డీజిలెంత, ఏది ఎవరికి ఎంతకి అమ్మారు. చివరి గడి: మిగిలింది ఎక్కడికి పోయింది. నెల తిరిగేసరికి పేజీలు వచ్చాయి. ఆ చివరి గడి చాలాచోట్ల ఖాళీగా ఉంది. దాని సంగతి తర్వాత.

ఒక పేజీ చూపిస్తాను. మూడో అంతస్తు, సోఫా సెట్టు, ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒంటి కుర్చీలు రెండు. లిఫ్ట్‌లో పట్టలేదు, మెట్ల మీదుగా దింపారు. టాటా ఏస్ వెనక తొట్టి పొడవు ఏడడుగుల చిల్లర, వెడల్పు ఐదడుగులు కూడా ఉండదు. ఏడువందల కిలోలకి పైగా మోసే బండి అది, కానీ వంద కిలోలు కూడా లేని సోఫా సెట్టుతో నిండిపోయింది. ఇంటికి తెచ్చి ఇద్దరు కూర్చుని విప్పారు. పైన రెక్సిన్, కింద స్పాంజి, దాని కింద స్ప్రింగులు, అడుగున నాసిరకం చెక్కకి లెక్కలేనన్ని పిన్నులు. స్ప్రింగులు పాత ఇనుము కాటాకి వెళ్లాయి. స్పాంజి ముక్కలు కొనేవాళ్లున్నారు, వాటిని అతికించి రీబాండెడ్ పరుపులు చేస్తారు. చెక్క పొయ్యిలోకి. అన్నీ కలిపి మూడు వందలు దాటలేదు. కూలి, డీజిల్ పదకొండు వందలు. విప్పడానికి పట్టిన పూట అతని లెక్కలో లేనే లేదు.

ఈ పేజీలోనే మొత్తం జబ్బు ఉంది. బండి నిండేది జాగాతో, డబ్బు వచ్చేది తూకంతో. జాగా ఎక్కువ తిని తూకం తక్కువ తూగే సామానే ఇతనికి ఎక్కువ వస్తోంది. ఎందుకు? మంచి సరుకు ఇతని దాకా రాదు కాబట్టి. ఇనప బీరువా, రాగి బాయిలరు, ఇత్తడి బిందెలు వీధుల్లో పాత సామాను కొనే కబాడీవాళ్లు ఎప్పుడో పట్టుకుపోతారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ దసరా, దీపావళి ఎక్స్‌ఛేంజ్ ఆఫర్లలో షాపుకి పోతాయి. వాళ్లంతా ఏరుకోగా మిగిలింది "ఉచితంగా తీసుకెళ్తాం" అన్నవాడి నెత్తిన పడుతుంది. కాబట్టి ఫోన్లు పెరిగినకొద్దీ నష్టం పెరుగుతుంది. రెండో బండి కొంటే నష్టం రెండింతలవుతుంది.

ఇక ఖాళీగా వదిలేసిన ఆ చివరి గడి. అమ్ముడుపోనిదాన్ని కూలీలు రాత్రిపూట ఒక చెరువు గట్టున దించేసి వస్తున్నారు. ఇతనికి తెలుసు, కానీ అడగలేదు. నేను పేజీలు చూస్తున్న రోజుల్లోనే ఒక రాత్రి బండి మున్సిపల్ సిబ్బందికి దొరికింది. జరిమానా కట్టి బండి విడిపించుకునేసరికి ఆ నెల రాబడి పోయింది. "టైం బాలేదు సార్" అన్నాడు. నేను దాన్ని దురదృష్టం పద్దులో రాయలేదు. చెత్త దించే ఖర్చు అతను మొదటి రోజు నుంచీ ఎగ్గొడుతున్నాడు, అదంతా ఒకేసారి వచ్చి పడింది. నిజానికి చేసిన పని కూడా తప్పే. ఆ గట్టు పక్కన కూడా జనం ఉంటారు.

లోన్ రిపోర్టు రాయనని చెప్పాను. లోడు పేజీలు వరుసగా మూడు నెలలు మిగులు చూపిస్తే అప్పుడు రాస్తానన్నాను. ముఖం మాడ్చుకున్నాడు గానీ పేజీలు రాయడం మానలేదు. అది చూశాకే ఇతనితో పని చేయొచ్చనిపించింది.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట వాంకూవర్ పద్ధతికే తిరిగి వెళ్లాడు. ఉచితం తీసేసి బండి నిండటాన్ని బట్టి రేటు పెట్టాడు. దీన్ని నేను కాదనలేదు, ఎందుకంటే జాగాకి డబ్బు తీసుకోవడమే సరైన లెక్క. కానీ రేటు చెప్పినప్పుడు వచ్చిన మాట దాదాపు ప్రతి ఇంట్లో ఒకటే: "మా సామాను మేమే ఇచ్చి, పైసలు కూడా మేమే ఇయ్యాలా?" ఫోన్‌లో ఒప్పుకున్నవాళ్లు కూడా గుమ్మం దగ్గర మాట మార్చేవారు. "ఫ్రిజ్ కూడా ఇస్తున్నాం కదా తమ్ముడూ, అది ఎంత లేదన్నా వెయ్యి చేస్తది" అనేవారు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. ఫ్రిజ్‌కి విలువ ఉంది, ఇతని రేటులో ఆ విలువ ఎక్కడా కనబడదు. కస్టమరు కంటికి ఇతను సామాను దోచుకుంటూ పైగా కూలి అడిగేవాడిలా కనబడ్డాడు. ఫోన్లు సగానికి పడిపోయాయి.

తర్వాతది షెడ్డు. ఇది పూర్తిగా అతని ఆలోచన, చిట్టీ ఎత్తిన డబ్బుతో. వెంటనే తెగనమ్మడం వల్లే ధర రావట్లేదు, శుభ్రం చేసి ఆపి అమ్మితే వస్తుందని అతని వాదం. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. గురువారం పురానాపూల్ దగ్గర జుమెరాత్ బజారు, ఆదివారం ఎర్రగడ్డ సంత. కొన్ని నిజంగానే బాగా పోయాయి. టేకు కుర్చీలు, ఇనప మంచాలు హాస్టళ్లవాళ్లు అడిగి మరీ కొన్నారు. మిగతాది కూర్చుంది. షెడ్డుకి వచ్చిన ప్రతి వస్తువునీ రెండుసార్లు ఎక్కించాలి, రెండుసార్లు దించాలి. మొదటి వానకి ప్లైవుడ్ ఉబ్బింది. ఒక పరుపులోంచి నల్లులు పక్క సోఫాల్లోకి పాకాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం లెక్కలో కనబడనిది: ఇళ్లలో జనం తీరిగ్గా ఉండి ఫోన్ చేసేది ఆదివారమే, ఆ రోజు ఇతను ఎర్రగడ్డలో గొడుగు కింద కూర్చుని ఉన్నాడు.

షెడ్డు మూసేద్దామంటే మనసొప్పలేదు. సరుకు ఇంకా సగం ఉంది కదా అంటాడు. నేను ఒక్కటే అడిగాను: ఈ సరుకంతా ఎవరైనా ఇవాళ నీకు అమ్మజూపితే, షెడ్డు అద్దెతో సహా కొంటావా? కొననన్నాడు. ఆ వారమే ఒక పాత ఫర్నిచర్ వ్యాపారికి గుత్తగా ఇచ్చేశాడు. చిట్టీ డబ్బులో కొంత పోయింది.

యాప్ గురించి రాయడానికి పెద్దగా లేదు. స్నేహితుడొకడు చేసిపెట్టాడు, అందరూ వాట్సాప్‌లోనే ఫోటోలు పంపారు.

రెండు వరుసల చీటీ

రేటు విషయంలో మాకు తేలిందేమిటంటే, జనానికి డబ్బు ఇవ్వడం కష్టం కాదు. తమ వస్తువుకి విలువ కట్టకుండా డబ్బు అడగడం కష్టంగా ఉంది. అందుకని రెండింటినీ విడదీశాం. కస్టమరుకి రాసిచ్చే చీటీలో మొదటి వరుస సామాను తీసే ఖర్చు: అంతస్తు, లిఫ్ట్, మనుషులు, బండిలో పట్టే జాగా. రెండో వరుస సామాను విలువ, వస్తువువారీగా. రెండోది మొదటిదాంట్లోంచి తీసేస్తే కట్టాల్సింది.

ఒక మామూలు చీటీ ఇలా ఉండేది. తీసే ఖర్చు 3,200. ఫ్రిజ్ 700, ఇనప మంచం 200, సోఫాకి, పరుపుకి సున్నా. కట్టాల్సింది 2,300. ఆ సున్నాలు కావాలనే రాయించాను. ఏది విలువ లేనిదో కస్టమరు తన కళ్లతో చూస్తే మొదటి వరుస ఎందుకుందో ఇతను నోరు తెరిచి చెప్పాల్సిన పని ఉండదు. ఇంకో ఉపయోగం, బేరం. మన దగ్గర బేరం ఆడకుండా డబ్బు ఇస్తే మోసపోయామనిపిస్తుంది. బేరం ఎలాగూ ఆడతారు, కాబట్టి అది రెండో వరుసలో జరిగేలా చూశాం. "ఫ్రిజ్‌కి కనీసం తొమ్మిది వందలు వేసుకో తమ్ముడూ" అంటే వేస్తాడు. మొదటి వరుస కదలదు. ఆ రెండు వందలు ముందే లెక్కలో ఉన్నాయి.

ఫోన్‌లో రేటు చెప్పడం ఆపేశాడు. వాట్సాప్‌లో వీడియో పంపమంటాడు, మెట్లు కూడా కనబడేలా. ఇల్లు మొత్తం ఖాళీ చేయాలంటే వెళ్లి చూసి చీటీ రాస్తాడు.

చీటీ బేరాన్ని బాగుచేసింది గానీ ఒక్క మంచం వదిలించుకోవాలనుకునే ఇంటికి 1,500 ఇప్పటికీ ఎక్కువే. వాళ్లు రేపొస్తాడులే కబాడీవాడని ఆగగలరు. పేజీలు తిరగేస్తే మిగులు చూపించిన లోడ్లలో ఒక పోలిక కనబడింది: అన్నిట్లోనూ ఒక తేదీ ఉంది. నెల 20 వేల అద్దె వచ్చే ఫ్లాటులో పాత కిరాయిదారు సామాను వదిలి వెళ్లిపోతే, వారం ఖాళీగా ఉంటే ఓనరుకి దాదాపు ఐదు వేల నష్టం. ఆయనకి 3,500 చీటీ ఎక్కువనిపించదు. పాత మాడ్యులర్ కిచెన్ పీకి కొత్తది బిగించే ఇంటీరియర్ కాంట్రాక్టరుకి రేపు ఉదయం కార్పెంటర్లు వస్తున్నారు. సొసైటీ సెల్లార్‌లో పార్కింగ్ గీతలు వేయాలి. ఖాళీ చేయకపోతే నష్టపోయేవాడే ఖాళీ చేసినందుకు సంతోషంగా డబ్బిస్తాడు. పాంప్లెట్లు ఆపేసి బ్రోకర్లు, కాంట్రాక్టర్లు, అసోసియేషన్ సెక్రటరీల చుట్టూ తిరగమన్నాను. అతనికి ఇది నచ్చలేదు, పెద్దవాళ్లతో మాట్లాడాలంటే బెరుకు. మొదటి ఇద్దరు కాంట్రాక్టర్లతో ప్యాకర్స్‌లో పరిచయమైన పాత సూపర్‌వైజర్ మాట్లాడిపెట్టాడు.

అమెరికా నుంచి వచ్చే ఫోన్లు

ఇవి మేం ఊహించనివి. తల్లిదండ్రులు పోయాక ఫ్లాటు అమ్ముతున్న పిల్లలు. కొడుకు డాలస్‌లో, కూతురు ఇంకోచోట, రిజిస్ట్రేషన్‌కి తేదీ పడింది, మధ్యలో ముప్పై ఏళ్ల సంసారం అలాగే ఉంది. బ్రోకరు ఇతని నంబరిచ్చాడు.

ఆ ఇంట్లో మొదటి గంటలోనే పని ఆగిపోయింది. దేవుడి గది దగ్గర కూలీలు చేతులు కట్టుకు నిలబడ్డారు. "దేవుని ఫోటోలు చెత్త బండ్ల ఎయ్యలేనన్నా, నాతోని కాదు" అన్నాడు పెద్దతను. కుర్రాడు డాలస్‌కి వీడియో కాల్ చేసి చూపించాడు. అవతల అర్ధరాత్రి. ఆ కొడుకు రెండు వెండి కుందులు, అమ్మ రోజూ దణ్ణం పెట్టుకునే పటం ఒకటి ఉంచమన్నాడు. మిగతా పటాలు, విగ్రహాలు వేరే అట్టపెట్టెలో పెట్టి, మేనత్త వచ్చి గుడికి పట్టుకెళ్లేదాకా ఎవరూ ముట్టలేదు. అదే కాల్‌లో బీరువా లాకరు, ఎల్‌ఐసీ బాండ్లు, సర్టిఫికెట్లు, ఆల్బమ్‌లు, పట్టుచీరల మడతల్లో దాచిన నోట్లు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ కెమెరాకి చూపించి, రాసి, సంచిలో వేసి మేనత్త చేత సంతకం పెట్టించాడు.

ఆ కొడుకు బేరమాడలేదు. తన కజిన్లకి నంబరు పంచాడు. దీన్నుంచి ఒక నియమం తయారైంది. ఇల్లంతా ఖాళీ చేసే ప్రతి పనిలో మొదటి పూట ఏదీ బండెక్కదు. కాగితం, ఫోటో, దేవుడు, చిన్న లోహం ఏది కనబడినా ఒక పక్కకి. కుటుంబం చూశాకే రెండో పూట మొదలు. ఒక పూట కూలి అదనం, చీటీలో విడిగా రాస్తాడు, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. ఇలాంటి పనుల్లో దొంగతనం మాట ఒక్కసారి వచ్చినా వ్యాపారం మూసుకోవాల్సిందే. కాబట్టి ఈ పూటని నేను ఖర్చుగా కాక ఇన్సూరెన్స్‌గా చూశాను.

వాచ్‌మన్, కూలీలు, వారాలు

అపార్ట్‌మెంట్‌లో వదిలేసిన సామాను మీద వాచ్‌మన్‌కి ఒక అనధికార హక్కు ఉంటుంది. ఇతను దాన్ని పట్టించుకోనన్నాళ్లూ లిఫ్ట్ పాడైందనో, సెక్రటరీ లేడనో బండి గేటు బయటే ఉండేది. ఇప్పుడు ముందుగా వాచ్‌మన్ కుటుంబాన్ని పిలిచి, ఓనరు ముందే, కావాల్సిన రెండు మూడు వస్తువులు తీసుకోమంటాడు. వాళ్లు తీసుకునేది తరచూ ప్లాస్టిక్ కుర్చీ, గ్యాస్ స్టవ్, పిల్లల సైకిల్, అంటే అమ్మినా పెద్దగా రాని వస్తువులు. దాంతో దారి ఖాళీ అవుతుంది, తర్వాత ఇళ్ల కబుర్లు కూడా వాళ్లే చెబుతారు.

కూలీలు అంతకుముందు చిన్న చిన్నవి పక్కకి వేసుకుని అమ్ముకునేవాళ్లు. దాన్ని ఆపమంటే మనుషులే పోతారు. ఖాళీ సీసాలు, పేపర్లు, అట్టలు బాహాటంగా వాళ్లవేనని చెప్పి, ఇత్తడి, రాగి, వైర్లు మాత్రం చీటీలోకి రావాలన్నాడు. గ్లవ్స్, గట్టి బూట్లు కొన్నాడు. మేకు గుచ్చుకుని ఒకతను పది రోజులు కూర్చున్నాక కొన్నాడు, అంతకుముందు చెబితే వినలేదు.

వారాల సంగతి అతనికి వాళ్లమ్మ చెప్పింది. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి పంపనివాళ్లు చాలామంది. ఆ రోజుల్లో బుకింగులు రద్దవుతుంటే ఇతను పోటీ పెరిగిందనుకున్నాడు. ఇప్పుడు ఆ రెండు రోజులు ఆఫీసులకి, కాంట్రాక్టర్లకి. ఆషాఢంలో ఇళ్లు మారడం తగ్గుతుంది, అప్పుడు సెల్లార్లు, బండి రిపేర్లు. బడి సెలవులప్పుడు, శ్రావణంలో ఊపిరాడదు. భోగికి ముందు వారం పాత చెక్క అడిగి తీసుకెళ్లేవాళ్లు కూడా వస్తారు, కానీ లామినేట్ అంటించిన ప్లైవుడ్ మంటలో వేయడానికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను, ఆ పొగ పిల్లల ముక్కుల్లోకి పోతుంది.

మిగిలినది ఎక్కడికి

చివరి గడి నింపాలని పట్టుబట్టాను. ఒక వస్తువు ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా చీటీ రాయకూడదు, ఎందుకంటే తెలియని చోటికి పోయే వస్తువు చివరికి చెరువు గట్టుకే పోతుంది. దూది పరుపుకి తేలికే, దూది ఏకి మళ్లీ కుట్టేవాళ్లు తీసుకుంటారు. కొబ్బరిపీచుది, ఫోమ్‌ది విప్పాలి. టేకు, ఇనుము చెప్పక్కర్లేదు. పీకేసిన టైల్స్, కమోడ్లు, గోడ ముక్కలు మున్సిపల్ నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లకి చేరాలి, జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. ఆ ఖర్చు మొదటి వరుసలో కలుస్తుంది.

ఎలక్ట్రానిక్ సామాను దగ్గర మాకు చాలా వాదన జరిగింది. కంప్యూటర్లకి, టీవీలకి కబాడీవాళ్లు ఇచ్చే ధర రిజిస్టర్డ్ రీసైక్లర్ కన్నా ఎక్కువ. కుర్రాడు ధర వైపు మొగ్గాడు. కానీ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పెద్ద ఆఫీసులు తమ పాత సామాను రిజిస్టర్ అయినవాళ్లకే చేర్చాలి. వాళ్లకి కావాల్సింది కాగితం. కిలోకి నాలుగు రూపాయలు తగ్గినా, ఆ కాగితం తెచ్చివ్వగలిగితే ఆఫీసు పని మొత్తం వస్తుంది. అదీకాక డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, దాన్ని పగలగొట్టి రాగి తీసుకుని మిగతాది విసిరేసేవాళ్లకి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఒప్పుకున్నాడు, నాలుగో నెలలో మొదటి ఆఫీసు పని వచ్చాక మనస్ఫూర్తిగా.

జీఎస్టీ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఈ పనిలో అందరూ తడబడేది ఇక్కడే. సేవలకి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇతను దాని లోపలే ఉన్నాడు. అయితే 2024 అక్టోబర్ 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొనే రిజిస్టర్డ్ వ్యాపారి రివర్స్ చార్జి కింద పన్ను తానే కట్టాలి. కాబట్టి ఇనుము షాపువాళ్లు ఆ మేరకు ధర కోసి మాట్లాడొచ్చు. సామాను విలువ వరుసలో ఇనుముకి అంకె వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఏజెంటుకి వెయ్యి రూపాయలిచ్చానని చెప్పినప్పుడు మాత్రం కోపమొచ్చింది.

ఇప్పుడున్న పరిస్థితి

మూడు నెలల పేజీలు మిగులు చూపించాయి. లోన్ రిపోర్టు రాస్తానన్నాను, ఈసారి అతనే ఆగాడు. తేదీ ఉన్న పనులు గుంపుగా వస్తాయి, నెలాఖరున, ముహూర్తాలప్పుడు. మధ్యలో రెండో బండి ఈఎంఐ కట్టుకుంటూ ఖాళీగా నిలబడుతుంది. కావాల్సిన రోజున అడ్డా మీద ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే ఖర్చు ఆ రోజుకే. తన పేజీలు చూసుకుని ఈ లెక్క అతనే వేశాడు. ఇంకా తేలని వస్తువు ఒకటుంది, లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డు. కొనేవాడు లేడు, విప్పితే పొట్టయిపోతుంది. ప్రస్తుతం దానికి మొదటి వరుసలో ఎక్కువ జాగా చార్జి వేసి, డబ్బు కట్టి మున్సిపల్ దారిలో పంపిస్తున్నాడు.

ఈ కేసు నుంచి నేను ఇప్పుడు ప్రతి కొత్త కుర్రాడినీ అడిగే ప్రశ్నలు వచ్చాయి: కబాడీవాడు వద్దన్నదే నీ దగ్గరికి వస్తుంది కదా, దాన్ని ఏం చేస్తావు? ఖాళీ కాకపోతే నష్టపోయేదెవరు, వాళ్లు నీకు తెలుసా? చాలామంది బండి గురించి, పేరు గురించి, లోగో గురించి చెబుతారు.

పోయిన నెల ఒక బిల్డర్ నుంచి పెద్ద పని వచ్చింది. పాత అపార్ట్‌మెంట్ కూల్చి కొత్తది కట్టబోతున్నాడు, బ్లాకు మొత్తం ఖాళీ చేయాలి, డబ్బు తొంభై రోజుల తర్వాత. కుర్రాడి ఏడాది రాబడిలో మూడో వంతు ఆ ఒక్క పనిలో ఉంది. కూలీలకి ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలి, తొంభై రోజులు మోయడానికి చేతిలో ఉన్నది పదిహేను రోజుల డబ్బు. ఒక్కో అంతస్తు ఖాళీ చేసి తాళం ఇచ్చినప్పుడల్లా ఆ అంతస్తు డబ్బు ఇచ్చేలా మాట్లాడమన్నాను. బిల్డర్ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. ఈలోగా కిందటి ఆదివారం నుంచి ఇతను రెండు ఫ్లాట్లు, ఒక సెల్లార్ ఖాళీ చేశాడు.